ఎక్కక్కర్లేదన్న లిఫ్టు

లిఫ్టులు బాగుచేసే ఆయన్ని కంపెనీలో అందరూ చెవిమేస్త్రి అనేవారు. మిగతా మెకానిక్కులు మీటరూ టార్చిలైటూ బయటికి తీసేలోపే ఆయన లిఫ్టు తలుపుకి చెవి ఆనించి, కళ్లు మూసుకుని, "రెండో అంతస్తు దగ్గర పట్టాలకి నూనె లేదు" అనేసేవాడు. వెళ్లి చూస్తే పట్టాలు నిజంగానే ఎండిపోయి ఉండేవి. ఇరవై ఏడేళ్ల సర్వీసులో ఆ చెవి తప్పు చెప్పిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇంట్లోనూ ఆయన బండి చెవి మీదే నడిచేది. కుట్టుమిషను తొక్కుతూ భార్య, "సాయంత్రం దారాలు తేవాలి" అందంటే అది ఆజ్ఞ. మర్చిపోయి వస్తే గుమ్మం దగ్గరే వెనక్కి తిరగాలి. "మీ అక్కకి ఒకసారి ఫోన్ చెయ్యాలి" అందంటే అది సలహా. ఇవాళ కాకపోతే ఎల్లుండి చెయ్యొచ్చు. రెండు మాటల చివరా ఉన్నది అదే 'ఆలి'. తేడా అంతా గొంతులో ఉంటుంది. పాతికేళ్ల కాపురంలో ఆయన ఆ తేడా పోల్చుకోలేక చీవాట్లు తిన్నది లేదు.

చిక్కు కాగితంతో వచ్చింది. అంతవరకూ మెకానిక్కులు నోటితో చెబితే ఆఫీసులో గుమస్తా రిపోర్టు రాసేది. ఆవిడ రిటైరయ్యాక మేనేజరు అందర్నీ పిలిచి, ఎవరు చూసిన లిఫ్టుకి వాళ్లే రిపోర్టు రాయాలనీ, రిపోర్టైనా బోర్డైనా ఇంగ్లీషులోనే ఉండాలనీ తేల్చేశాడు. చెవిమేస్త్రి బడిలో నేర్చిన ఇంగ్లీషు ఎప్పుడో తుప్పు పట్టింది. అయినా పట్టు వదలకుండా పాత ఫైళ్లు ముందేసుకుని కూర్చున్నాడు. వాటిలో 'షుడ్ బి చేంజ్డ్' అనే ముక్క పదేపదే కనిపించింది. మార్చాలి అని అర్థమట. నోరు తిరగడానికి సులువుగా, వినడానికి వినయంగా ఉంది. ఇక అక్కణ్ణించి బల్బు మార్చాలన్నా షుడ్డే, బటన్ మార్చాలన్నా షుడ్డే.

ఆయన నెలనెలా చూసే లిఫ్టుల్లో ఒక ఆరంతస్తుల అపార్టుమెంటుది కూడా ఉంది. అక్కడ ప్రతి అంతస్తులోనూ లిఫ్టు తలుపు లోపల ఒక తాళం ఉంటుంది. లిఫ్టు వచ్చి ఎదురుగా ఆగితే తప్ప తలుపు తెరుచుకోకుండా చూడటం దాని పని. ఆ తాళాలు అరిగిపోతున్నాయి. ఆయన 'తాళాలు షుడ్ బి చేంజ్డ్' అని రాసి, అపార్టుమెంటు సెక్రటరీకి ఇచ్చాడు. ఏదో పెద్ద ఆఫీసులో పనిచేసి రిటైరైన సెక్రటరీకి ఇంగ్లీషు బాగా వచ్చు. కళ్లజోడు సర్దుకుని చదివి, "మంచి సలహానే. మీటింగులో పెడదాం" అన్నాడు. మరుసటి నెలా చెవిమేస్త్రి అదే ముక్క రాశాడు. "గుర్తుందయ్యా, చూద్దాం" అన్నాడు సెక్రటరీ.

మూడో నెల వెళ్లేసరికి నాలుగో అంతస్తు తలుపు రెండు వేళ్లతో లాగితే వచ్చేసింది. లిఫ్టేమో కింద ఉంది. ఎదురుగా నాలుగంతస్తుల గొయ్యి. చెవిమేస్త్రి వెంటనే మెట్లు దిగి మీటర్ల గదిలో లిఫ్టు స్విచ్చి ఆపేశాడు. ఒక అట్టముక్క తీసుకుని బోర్డు రాయబోయాడు. ఎక్కకూడదు అని ఇంగ్లీషులో ఎలా అనాలి? 'హావ్ టు' అంటే 'ఆలి' అని బడిలో చెప్పినట్టు గుర్తు. దాని ముందు ఒక 'డోంట్' తగిలిస్తే తిరగబడుతుంది కదా! పెద్ద పెద్ద అక్షరాలతో 'యూ డోంట్ హావ్ టు యూజ్ దిస్ లిఫ్ట్' అని రాసి, కింద రెండు గీతలు గీసి, కిందనున్న లిఫ్టు తలుపుకి అంటించాడు. కొత్త తాళం ఒకటైనా దొరుకుతుందేమోనని కంపెనీ స్టోరుకి బయల్దేరాడు. మీటర్ల గదికి తాళం వెయ్యలేదు. బోర్డు ఉంది, చాలనుకున్నాడు.

అప్పుడే రెండు చేతుల్లో సంచులతో వచ్చిన సెక్రటరీ బోర్డు చదివాడు. ఎక్కక్కర్లేదంటున్నాడు గానీ వద్దనలేదుగా అనుకుని, వెళ్లి స్విచ్చి వేసేశాడు.

అరగంటలో చెవిమేస్త్రికి ఫోనొచ్చింది. మూడు, నాలుగు అంతస్తుల మధ్య లిఫ్టు ఆగిపోయిందట, లోపల అయిదో అంతస్తు టీచరమ్మ ఉన్నారట. ఆవిడ డెబ్భై దాటిన మనిషి. ముప్పై ఆరేళ్లు బళ్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. ఆయన పడుతూ లేస్తూ వచ్చి, మూడో అంతస్తు తలుపు మీద తట్టాడు.

"అమ్మా, భయపడకండి. పది నిమిషాల్లో దించేస్తాను."

"నాకేం భయం లేదు నాయనా. నిలబడలేక సంచీ మీద కూర్చున్నాను. ముందు ఇది చెప్పు, కింద ఆ బోర్డు రాసిందెవరు?"

"నేనేనమ్మా."

"ఏమని రాద్దామనుకున్నావు?"

"ఎక్కకూడదనమ్మా."

లోపలినుంచి నవ్వు వినిపించింది. "నువ్వు రాసింది ఎక్కక్కర్లేదు అని. నాకేమో మోకాళ్ల నొప్పులు. ఎక్కక్కర్లేదన్నాడు గానీ ఎక్కితే తప్పేముందిలే అని ఎక్కేశాను."

చెవిమేస్త్రి నవ్వలేకపోయాడు. మళ్లీ స్విచ్చి కట్టేసి, మేడ మీది మోటారు గదికి పరిగెత్తి, బ్రేకు వదులుచేసి, చక్రం చేత్తో తిప్పి లిఫ్టుని మూడో అంతస్తుకి దించాడు. టీచరమ్మ చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చి మెట్టు మీద కూర్చోబెట్టాడు. తనూ కింది మెట్టు మీద కూలబడ్డాడు.

"నాలుగో అంతస్తులో తలుపు ఉత్తినే తెరుచుకుంటోందమ్మా. అది కదిలే లిఫ్టు ఆగింది. లిఫ్టు ఉందనుకుని ఎవరైనా అడుగేసి ఉంటే? నా పనిలో తప్పు లేదు. నా మాటే తప్పయింది."

టీచరమ్మ నవ్వు ఆపేశారు. "సరే, అయితే ఇప్పుడే దిద్దుకుందాం. నీ రిపోర్టు పుస్తకం ఇలా తే."

పుస్తకం తిరగేసి ఆవిడ నొసలు చిట్లించారు. "అంతా షుడ్డే రాశావేం? షుడ్ అంటే చేస్తే మంచిదని. స్నేహితుడి సలహా. వింటే విన్నాడు, లేకపోతే లేదు. మస్ట్ అంటే చేసి తీరాలి. అందులో బేరం లేదు."

"మరి హావ్ టు?"

"అదీ తప్పదనే, కానీ ఎక్కువగా బయటి రూలు వల్ల. నువ్వీ చొక్కా ఎందుకు వేసుకున్నావు?"

"కంపెనీ రూలమ్మా."

"అదీ హావ్ టు అంటే. ఇక కాదనేటప్పుడు జాగ్రత్త. మస్ట్ నాట్ అంటే కూడదు, డోంట్ హావ్ టు అంటే అక్కర్లేదు. మన భాషలో నువ్వెప్పుడైనా కూడదుకీ అక్కర్లేదుకీ తికమక పడ్డావా?"

"లేదమ్మా."

"మరింకేం! నీకు తెలిసిందే. హాడ్ బెటర్ అని ఇంకొకటుంది. దాని వెనకాల ఎప్పుడూ ఒక 'లేకపోతేనా' దాక్కుని ఉంటుంది."

చెవిమేస్త్రికి చటుక్కున భార్య గొంతు గుర్తొచ్చి నవ్వొచ్చేసింది. అక్కడే మెట్టు మీద కూర్చుని కొత్త రిపోర్టు రాశాడు. తాళాలన్నీ మస్ట్ బి చేంజ్డ్. లిఫ్టు మస్ట్ నాట్ బి యూజ్డ్. ఈసారి నాలుగో అంతస్తు తలుపు ముందు తాడు అడ్డం కట్టి, మీటర్ల గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

రిపోర్టు చదివిన సెక్రటరీకి మొహం మాడిపోయింది. "ఏమిటయ్యా ఇది? మొన్నటిదాకా షుడ్ అన్నావు, ఇప్పుడు మస్ట్ అంటున్నావు. ఇంత గట్టిగా రాస్తే రేపు ఏం జరిగినా నా మెడకి చుట్టుకుంటుంది. షుడ్ అని మార్చిచ్చెయ్, ఈ నెల మీటింగులో తప్పకుండా తేలుస్తాను."

"మార్చనండి. మొన్న రాసింది నా తప్పే, ఒప్పుకుంటాను. ఇవాళ రాసింది మాత్రం తప్పు కాదు."

సెక్రటరీ అక్కడికక్కడే మేనేజరుకి ఫోన్ కలిపి చేతికిచ్చాడు. "ఎందుకు గొడవ? ఒక్క ముక్కే కదా, మార్చి ఇచ్చెయ్" అన్నాడు మేనేజరు అవతలినుంచి.

చెవిమేస్త్రి ఎన్నడూ పైవాళ్లకి ఎదురు చెప్పిన మనిషి కాదు. అయినా చెప్పాడు: "మారిస్తే మీరే మార్చి, మీరే సంతకం పెట్టండి సార్. నేను పెట్టను."

"ఆ ఫోన్ సెక్రటరీగారికివ్వు" అన్నాడు మేనేజరు. ఏం చెప్పాడో ఏమో, సెక్రటరీ ఊఁ కొడుతూ విని, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

తర్వాతి నాలుగు రోజులూ అపార్టుమెంటంతా ఆయాసపడింది. ఆరో అంతస్తు వాళ్లు ప్రతి మలుపులో ఆగి మెకానిక్కుని తిట్టుకున్నారు. ఆయన ఎదురుపడితే మొహం మీదే అడిగారు కూడా. ఆయన ఒక్కొక్కరినీ నాలుగో అంతస్తుకి తీసుకెళ్లి, రెండు వేళ్లతో తలుపు లాగి చూపించాడు. చూసినవాళ్లెవరూ మళ్లీ నోరెత్తలేదు. పిల్లలున్న వాళ్లయితే తిన్నగా సెక్రటరీ ఇంటికే నడిచారు. అయిదో రోజున తాళాలన్నీ వచ్చాయి. ఒక్కొక్కటీ బిగించి, ప్రతి తలుపునీ రెండు చేతులా గుంజి చూసి, సాయంత్రానికి స్విచ్చి వేశాడు. మొదట ఎక్కింది సెక్రటరీయే. పైకి వెళ్లి, కిందికొచ్చి, "చప్పుడే లేదయ్యా" అన్నాడు. పొగడ్తో, రాజీయో తెలియలేదు. ఏదైతేనేం, చెవిమేస్త్రి తలూపాడు.

ఇప్పుడు ప్రతి నెలా ఆ సర్వీసు అయ్యాక ఆయన అయిదో అంతస్తులో ఓ అరగంట కూర్చుంటాడు. టీచరమ్మ టీ ఇచ్చి, రిపోర్టులు దిద్దిపెడతారు. ఈ మధ్య ఎర్ర గీతలు తగ్గాయి.

కిందటి వారం మేనేజరు ఆయన్ని పిలిచి, మిగతా మెకానిక్కులకి కూడా ఈ ముక్కలు నేర్పమన్నాడు. స్టోరు గదిలో నూనె డబ్బాల మధ్య పదకొండు మంది కూర్చున్నారు. చెవిమేస్త్రి గంటసేపు చెప్పాడు, నవ్వించాడు, ఇద్దరి చేత బోర్డులు రాయించాడు. ఆఖర్న వెనక వరసలోంచి ఒకాయన లేచి, "అన్నా, ఓట్ టు అంటే ఏంటి?" అని అడిగాడు.

చెవిమేస్త్రి బుర్ర గోక్కున్నాడు. "అది ఇంకా నా దాకా రాలేదురా. ఆరో తారీకున సర్వీసుకి వెళ్తాను, అడిగొస్తా."