అమ్మకు నేర్పిన కామాలు

వరంగల్ మొత్తంలో కామాను దాని చోట పెట్టే మనిషిని నేనొక్కదాన్నే అని చాలా ఏళ్లు నమ్మాను. ప్రైవేటు బడిలో ఇంగ్లీషు టీచర్ని కదా, ఆ మాత్రం పొగరు ఉద్యోగంతో పాటే వస్తుంది. మట్టెవాడలో మా వీధి చివర మందుల దుకాణం బోర్డు మీద అక్కర్లేని అపాస్ట్రఫీ ఒకటుంది. దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండి, తలనొప్పి మాత్రలకు కూడా పక్క వీధికి వెళ్లేదాన్ని. మేనమామ కూతురి పెళ్లిపత్రికను ఎర్రపెన్నుతో దిద్ది ఆయన చేతికే ఇచ్చాను. ఆ పెళ్లిలో నాకు రెండోసారి మటన్ వడ్డించిన నాథుడు లేడు.

అలాంటి నాకు మా అమ్మ పెద్ద పరీక్ష పెట్టింది.

అమ్మ దరీలు, అదే జంపఖానాలు, నేస్తుంది. బడి మొహం చూడలేదు గానీ, నేత సంఘం షెడ్డులో ఆమె చేతికి ఎదురులేదు. పోయిన చలికాలం, రామప్ప గుడి చూడ్డానికి పాలంపేట పోయే విదేశీయులు కొందరు దారిలో మా షెడ్డుకు వస్తారని కబురొచ్చింది. అమ్మ మగ్గం దగ్గరే ఆగుతారట. ఎవరైనా ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెప్పాలి.

"నీతోని ఏమైతదక్కా? మా కోడలు డిగ్రీ చదివింది, ఆమె మాట్లాడుతది" అన్నాడు సంఘం పెద్ద.

"మగ్గం నాది, నేసేది నేను. మాట్లాడేది మీ కోడలా?" అని అందరి ముందర అనేసి వచ్చింది అమ్మ. ఇంటికొచ్చాక భయం పట్టుకుంది. "బిడ్డా, ఊకోలేక అననైతే అన్న. ఇగ నువ్వే నేర్పాలె. వాళ్ల ముందట నా ఇజ్జత్ పోవద్దు."

వారం రోజులు ఆమె మగ్గం పక్కన నిలబడి, నేను రాసిన ఇంగ్లీషు ముక్కలు చదివాను. ఆమె నేస్తూ నా వెనకాలే గొణిగేది. మా బడిలో డిక్టేషన్ అంటే కామాలు, ఫుల్‌స్టాప్‌లు కూడా నోటితో చెప్పాల్సిందే. చెప్పకపోతే నలభై మంది పిల్లలు ఊపిరి పీల్చకుండా చివరిదాకా రాసేస్తారు. ఆ అలవాటుతో అమ్మకూ అలాగే చదివాను, అదీ నాకు తెలియకుండానే. మగ్గాల చప్పుడులో ఆమె ఏం గొణుగుతోందో నాకు వినపడలేదు.

రేపు వాళ్లు వస్తారనగా సాయంత్రం ఇంట్లో ఒప్పజెప్పమన్నాను. అమ్మ కొంగు సర్దుకుని, బడిపిల్లలా నిటారుగా నిలబడింది.

"గుడ్ మార్నింగ్ కామా వెల్‌కమ్ ఫుల్‌స్టాప్ దిస్ ఈజ్ మై లూమ్ ఫుల్‌స్టాప్ ఐ వీవ్ దరీస్ కామా టవల్స్ కామా అండ్ బెడ్‌షీట్స్ ఫుల్‌స్టాప్."

"అయ్యో అమ్మా! కామాలు పలుకుతరా? అవి రాసేటియి!"

"మరి నువ్వు పలికినవ్ గదనే?"

అవి తీసేసి చెప్పమన్నాను. గుడ్ మార్నింగ్ దాటలేదు. నాడె ఇటు నుంచి అటు పోతే కామా, పోగును దగ్గరికి కొడితే ఫుల్‌స్టాప్ అని చేతులతో కలిపి నేర్చుకుందట. ఇప్పుడు ఒక్కటి లాగితే మొత్తం ఊడొస్తోంది. నాలుగుసార్లు మొదలుపెట్టింది, నాలుగుసార్లూ ఆగిపోయింది. నాకు కోపమొచ్చింది. నిజం చెప్పాలంటే కోపం కాదు, సిగ్గు. ఇంగ్లీషు టీచరమ్మ తల్లి ఇలా చదివిందట అని తెలిస్తే మా మేనమామ ఊరందర్నీ పిలిచి మళ్లీ మటన్ పెడతాడు.

"పోనీలేమ్మా, ఆ కోడల్నే మాట్లాడనియ్యి. నిన్ను చూసి నవ్వుతరు" అన్నాను.

అమ్మ కొంగు బొడ్లో దోపుకుంది. "నన్ను చూసి నవ్వుడు నాకేం కొత్త గాదు. నిన్ను చూసి నవ్వుతరని నీ ఫికర్" అని, లేచి అన్నం వండటానికి వెళ్లింది.

తెల్లారి బడికి సెలవు పెట్టి షెడ్డుకు వెళ్లాను. వెళ్లి, ఆరేసిన రంగు నూలు వెనక నిలబడ్డాను. దాక్కున్నాను అని రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావడం లేదు.

వాళ్లు రాగానే అమ్మ మొదలుపెట్టింది. కామాలన్నీ చెప్పింది, ఫుల్‌స్టాప్‌లన్నీ చెప్పింది. వచ్చినవాళ్లు మొదట ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత అర్థమై నవ్వారు. నెత్తి నెరిసిన ఒకామె అయితే రెండో వాక్యం నుంచి అమ్మతో పాటు తనూ "ఫుల్‌స్టాప్" అని అరవడం మొదలుపెట్టింది. చివరి వాక్యానికి అందరూ అందుకున్నారు, చప్పట్లు కొట్టారు. ఆ పెద్దామె అమ్మ చేతులు పట్టుకుని వదల్లేదు.

సంఘం పెద్ద కోడలు మాత్రం కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన అందరికీ వినపడేలా అడిగాడు: "గిట్ల ఎవ్వలు నేర్పిన్రక్కా నీకు?"

అమ్మ కళ్లు షెడ్డంతా తిరిగి, నూలు కింద కనిపిస్తున్న నా చెప్పుల దగ్గర ఆగాయి. నేను కదల్లేదు.

"ఎవ్వలు లేరు. నాకు నేనే నేర్చుకున్న" అంది.

అందరూ పోయాక ఆమె దగ్గరికి వెళ్లాను. మొహం వెలిగిపోతోంది. "ఎట్ల చెప్పిన? తప్పులెన్ని?" అంది.

"ఒక్కటే అమ్మా. ఆఖర్ల అబద్ధమాడినవ్. నేర్పింది నేను గదా."

అమ్మ నాడె చేతిలోకి తీసుకుంది.

"ఆ మాట ఇందాక చెప్పేదుండె బిడ్డా" అని నేయడం మొదలుపెట్టింది.