ఎడమ దవడ పన్ను

మా పాపకు ఏడేళ్లు. ఒకరోజు పొద్దున పళ్లు తోముతుంటే కింది వరుసలో, ఎడమ పక్క, అన్నిటికన్నా వెనకున్న పన్ను మీద నల్ల నువ్వు గింజంత చుక్క కనబడింది. నువ్వుల లడ్డు అంటుకుందేమోనని వేలితో గీకాను. పోలేదు. చల్లటి నీళ్లు తాగితే జివ్వుమంటుందని అప్పుడు చెప్పింది.

కరీంనగర్‌లో మేముండే వీధి చివర కొత్తగా పళ్ల దవాఖాన పెట్టారు. అద్దాల తలుపు వెనక మనిషంత ఎత్తున్న ప్లాస్టిక్ పన్నుకు కళ్లూ చేతులూ పెట్టి నవ్వించారు. అంత నవ్వేది ఏదైనా నాకు అనుమానమే. డాక్టరమ్మకు నా వయసే ఉంటుంది. పాప నోట్లో లైటు వేసి చూసి, "పుచ్చింది. లోతుగనే ఉంది కాని నరం దాక పోలే. ఫిల్లింగ్ చేస్తె సరిపోతది," అంది.

"పాల పన్నే కద మేడం. ఊడిపోదా?"

"ఇది పాల పన్ను కాదు. ఆరేండ్లప్పుడు వెనక నుంచి వస్తది. ఏ పన్ను ఊడకుండనే వస్తది కాబట్టి ఇంట్ల ఎవరు గుర్తుపట్టరు. ఇది ఆమెకు జీవితాంతం ఉండాల్సిన పన్ను."

నేను నమ్మలేదు. ఊడిపోయే పన్నుకు కూడా ఫిల్లింగ్ చేసి పంపిస్తారని మా అపార్ట్‌మెంట్‌లో చెప్పుకోవడం విన్నాను. అప్పుడామె ఎక్స్‌రే తీసి తెర మీద చూపించింది. ముందున్న చిన్న పళ్ల కింద, మట్టిలో విత్తనాల్లాగ, ఇంకో వరుస పళ్లు కూర్చుని ఉన్నాయి. ఈ పన్ను కింద మాత్రం ఏమీ లేదు. పోతే మళ్లీ రాదు. కళ్లతో చూసినదాన్ని నమ్మక తప్పలేదు.

"తెల్ల ఫిల్లింగ్ పెడుదాం," అంది ఆమె. నేను అడగకుండానే అనడంతో నాకు మళ్లీ అనుమానం మొదలైంది.

"వెండిది కూడ ఉంటది కద మేడం? నల్లగ కనబడేది."

"ఉంటది. పిల్లలకు పెడ్తలేం. దాంట్ల పాదరసం కలుస్తది. గట్టిపడినంక పెద్దగ బయటికి రాదు, పెద్దోళ్ల నోట్ల మంచిగున్నవాటిని తీయించాల్సిన పని లేదు. కాని పిల్లలకు, కడుపుతోని ఉన్నోళ్లకు, పాలిచ్చే తల్లులకు ఎందుకైన మంచిదని వద్దంటున్నరు."

"మరి తెల్లది మంచిగుంటదా?"

"చూస్కుంటె చాన ఏండ్లుంటది. వెండిదానంత మొండిది మాత్రం కాదు. పెట్టేటప్పుడు పన్నుకు ఉమ్మి తాకొద్దు. పాప కదలకుండ కూసోవాలె."

తన సరుకులో లోపం తనే చెప్పింది. బట్టల దుకాణంలో కూడా ఇట్లనే, ఒక చీరకు ముందే చిన్న వంక పెడతారు, తర్వాతవన్నీ మనం నమ్మాలని. నేను తలూపాను.

పాపను కుర్చీలోంచి దించబోతూ ఆమె ఆగింది. "కుడి దిక్కు పళ్లు చూడున్రి, ఎంత శుభ్రంగున్నయో. పుచ్చింది ఎడమ దిక్కే. ఇటు పై పళ్లకు గూడ మచ్చలు మొదలైనయి. ఈ దవడల ఏమన్న పెట్టుకుంటదా? చాక్లెట్ అసొంటిది?"

"మా ఇంట్ల చాక్లెట్లు రానియ్యం మేడం," అన్నాను. నా గొంతు నాకే కొంచెం పెద్దగా వినిపించింది. ఆమె ఆ చిన్న గుంతలో తాత్కాలికంగా మందు పెట్టి, ఆలోచించుకుని మళ్లీ వారం రమ్మంది.

ఇంటికి వచ్చేసరికి మా బాపు వరండాలో కూర్చుని ఉన్నాడు. మా నాన్నను బాపు అనే పిలుస్తాను; మందమర్రిలో బొగ్గు బాయిలో పనిచేసి రిటైరైన మనిషి. ఎండాకాలం కంటి ఆపరేషన్‌కని మా ఇంటికి వచ్చాడు. బడి తెరిచాక, పాపను తీసుకొచ్చే పని తనమీద వేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. బడి నుంచి వచ్చే దారిలో గ్రానైటు బండల లారీలు పోతుంటాయి. పాప యూనిఫాం, జడలు, కనుబొమ్మలు అన్నీ తెల్లగా అవుతాయి. బాపు గేటు దగ్గరే ఆమెను తువ్వాలతో దులిపి లోపలికి తెస్తాడు. ఇద్దరూ మాట్లాడకుండా వచ్చి, మాట్లాడకుండా మంచమెక్కి కాసేపు పడుకుంటారు. ఎండకు అలసిపోయారనుకునేదాన్ని. తాతతో ఉంటే పిల్ల ఎంత నిమ్మళంగా ఉంటుందని సంతోషపడేదాన్ని కూడా.

డాక్టరమ్మ చెప్పింది విని బాపు నవ్వాడు. "తెల్లది పెట్టిస్తవా? సున్నం లెక్క రాలిపోతది. వెండిది పెట్టియ్యి. ఇగో, నాది చూడు." నోరు తెరిచి వేలితో పెదవి లాగాడు. లోపల, వెనక, ఇనుప రంగు పన్ను. "నేను కొత్తగ నౌకరిల చేరినప్పుడు పెట్టిచ్చిన. పెట్టిన డాక్టర్ పోయిండు గాని గిది పోలే."

"దాంట్ల పాదరసం ఉంటదట బాపు."

"ఉంటె ఏమైంది? నేను సచ్చిన్నా?"

నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను. కాలేజీ ల్యాబులో ఒకసారి థర్మామీటర్ పగిలితే పాదరసం బండల మీద పూసల్లాగ ఉరికింది. మా లెక్చరర్ అందరినీ బయటికి పంపి, కిటికీలు తెరిచి, కాగితంతో ఒక్కో పూసను ఎత్తి సీసాలో పోసింది. ఎవరూ ముట్టుకోవద్దని పదిసార్లు చెప్పింది. వెండితో కలిసి గట్టిపడ్డ పాదరసం వేరు, నేల మీద ఉరికే పాదరసం వేరు అని నాకు తెలుసు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను కూడా. అయినా పాప నోరు అనుకోగానే ఆ పూసలే కళ్ల ముందు ఉరికేవి.

అట్లని తెల్లది నమ్మబుద్ధి కాలేదు. ఫోన్‌లో వెతికితే ఒకరు తెల్లదే మేలన్నారు, ఒకరు వెండిదే గట్టిదన్నారు. ఎవరేమన్నా కింద వాళ్ల క్లినిక్ నంబర్ ఉంది. మా ఆయన, "డాక్టర్ ఏదంటె అది పెట్టిద్దాం," అన్నాడు. ఏ డాక్టర్ అన్నదే కదా నా బాధ. ఇంకొకరిని అడగాలి. కరీంనగర్‌లో అడిగితే వీళ్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే అయి ఉంటారు. అందుకని ఎవరికీ చెప్పకుండా పాపను తీసుకుని బస్సులో హుజూరాబాద్ పోయాను.

అక్కడి డాక్టరు పెద్దాయన. పాత మేడ మెట్లెక్కి పోవాలి. ఆయన గది గోడ మీద కూడా మా వీధి దవాఖానలో ఉన్న టూత్‌పేస్ట్ బొమ్మే ఉంది. అది చూడగానే సగం నమ్మకం అక్కడే పోయింది. ఆయన పాప నోరు చూసి, "వెండిది నా దగ్గర లేదమ్మా. పిల్లలకు పెట్టుడు బంద్ చేసిన. తెల్లదే పెట్టియ్యి. మొదలు చూసిన డాక్టర్ దగ్గర్నే చేపియ్యి, మందు పెట్టింది మంచిగనే పెట్టింది," అన్నాడు.

తన దగ్గరికొచ్చిన పేషెంటును ఇంకొకరి దగ్గరికి ఎందుకు పంపిస్తాడు? ఇద్దరూ ఒకే మాట ఎట్లా అన్నారు? బస్సులో తిరిగొస్తూ అంతా అదే ఆలోచన. లేచి వస్తుంటే ఆయన అడిగిన మాట కూడా నన్ను విడిచిపెట్టలేదు. "ఎడమ దిక్కే ఎందుకైంది? ఏమన్న చప్పరిస్తదా?"

ఇక డాక్టర్లను పక్కనపెట్టి ఇంట్లో వెతకడం మొదలుపెట్టాను. పాప స్కూలు బ్యాగు తిరగేశాను. దిండు కింద చూశాను. బొమ్మల డబ్బా గుమ్మరించాను. ఏమీ లేదు. మిగిలింది అత్తమ్మ. మా అత్తమ్మకు పిల్ల ఏడిస్తే చేతిలో ఏదో ఒకటి పెట్టే అలవాటుంది. పప్పు ఏరుతుంటే పక్కన కూర్చుని మెల్లగా అడిగాను.

"అత్తమ్మా, పాపకు మీరేమన్న తీపి పెడుతున్నరా?"

ఆమె చాట ఆపింది. "నేనా? నాకు షుగర్ అని చక్కెర డబ్బ అటక మీద పెట్టినవు గద బిడ్డా. నాకే దొరుకుతలేదు, దానికేం పెడుత?"

"ఊకె అడిగిన."

"ఊకెనే అడుగుతవు. మొన్న నా బట్టల సందూక గూడ ఊకెనే సర్దినవు."

వారం తిరిగింది. దవాఖానకు బయల్దేరుతుంటే బాపు కూడా చెప్పులేసుకున్నాడు. "నేను గూడ వస్త. వెండిది ఎందుకు లేదంటదో నేనడుగుత." వద్దనలేదు. నిజానికి నేను అడగలేనిది ఆయన అడుగుతాడని లోపల కొంచెం ఆశగానే ఉంది.

పాప కుర్చీలో కూర్చుంది. బాపు డాక్టరమ్మ ఎదురుగా నిలబడి నోరు తెరిచి చూపించాడు. "చూడున్రి మేడం. గిసొంటిది పెట్టున్రి. ముప్పై ఏండ్లు బాయిల చేసిన, ఇది ఇంచు గూడ కదలలే."

ఆమె విసుక్కోలేదు. లైటు తిప్పి, చిన్న అద్దంతో ఆయన నోట్లోకి చాలాసేపు చూసింది. "నిజమే బాపు, మంచిగుంది. ఎడమ దిక్కే పెట్టిచ్చుకున్నరు. మరి దీని పక్క పళ్లేవి?"

బాపు నోరు మూశాడు. నాలుకతో లోపల వెతుక్కుంటున్నట్టు ఎడమ దవడ కదిలింది. "పోయినయి," అన్నాడు.

"కుడి దిక్కు అన్ని ఉన్నయి. ఎడమ దిక్కు ఇదొక్కటే ఉంది. ఇటు ఏం పెట్టుకునేటోళ్లు? తంబాకా?"

"తంబాకు నా జన్మల ముట్టలే." బాపుకు కోపమొచ్చింది. "మేం పెట్టుకునేది బెల్లం."

"నేను గూడ," అంది పాప కుర్చీలోంచి. ఎడమ బుగ్గ మీద వేలు పెట్టింది. "గిక్కడ. తాత ఇస్తడు."

నేను బాపును చూశాను. బాపు పాపను చూశాడు.

"దుమ్ముకు," అన్నాడు బాపు, ఎవరితో అంటున్నాడో తెలియకుండా. "షిఫ్టు దిగి పైకొచ్చినంక అందరం పెట్టుకునేటోళ్లం. దవడల పెట్టుకుని ఊకోవాలె. నమలొద్దు. కరుగుకుంట కరుగుకుంట గొంతుల దుమ్మును తీస్కపోతది. గా రోడ్డు మీద గంత బండల దుమ్ము లేస్తుంది. బిడ్డ ఊపిరిల పడ్తదని నేను..."

"నేను ఒక్కసారి గూడ నమలలే తాతా," అంది పాప. తాత చెప్పినట్టే చేశానన్న గర్వం ఆ గొంతులో.

వాళ్లిద్దరూ మాట్లాడకుండా వచ్చి పడుకునేది అలసటతో కాదు. నోట్లో బెల్లం ఉండి. అది కరిగేదాకా, ఒక్కోసారి కరగకముందే, నిద్రపోయేవారు. ఇల్లంతా వెతికిన నేను బాపు అంగీ జేబు మాత్రం తడమలేదు. తడమాలని తోచనే లేదు.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరిగింది. "దుమ్ముకు మూతికి బట్ట కట్టున్రి బాపు, ఇంటికొచ్చినంక నీళ్లు పుక్కిలియ్యున్రి. నమిలి మింగితె అన్న పళ్లు జల్ది పోవు. దవడల పెట్టుకుని పండుకుంటె పన్ను మీదనే కూసుంటది. తెల్లది పెట్టినా, వెండిది పెట్టినా, దాని అంచు పొంటి మళ్ల పుచ్చుతది." తర్వాత నావైపు తిరిగింది. "చెప్పున్రి. ఈ రోజు చేద్దామా?"

నేను ఆమెను అప్పటికీ పూర్తిగా నమ్మలేదు. కానీ ఆ దవడలో ఏం పెట్టుకుంటుందని నన్ను వారం కింద అడిగిన ప్రశ్నే ఆమె ఇప్పుడు బాపును అడిగింది. నేను ఆ ప్రశ్నకు కోపం తెచ్చుకున్నాను గాని జవాబు చెప్పలేదు. "తెల్లదే పెట్టున్రి. మూసే ముందు నాకు చూపియ్యున్రి," అన్నాను.

చూపించింది. పన్ను చుట్టూ నీలం రబ్బరు గుడ్డ బిగించి, పుచ్చినదంతా తీసేసి, అద్దం నా చేతికిచ్చింది. గుంత శుభ్రంగా, పొడిగా ఉంది. పాప ఒక చేత్తో కుర్చీని, ఇంకో చేత్తో తాత బొటనవేలిని పట్టుకుంది. గుంతలో నింపిన తెల్లదాన్ని గట్టిపరిచే నీలం లైటు పన్ను మీద పడుతున్నంతసేపూ బాపు తల పక్కకు తిప్పుకునే నిలబడ్డాడు.

ఆటోలో ఇంటికొచ్చాం. గుమ్మంలో అత్తమ్మ నిలబడి ఉంది. "దొరికిండా దొంగ?" అంది.

నేను చెప్పులు విప్పుతూ ఆలస్యం చేశాను. వెనక నుంచి బాపే, "నేనే వదినె," అన్నాడు.

అత్తమ్మ ఆయనను చూసింది, నన్ను చూసింది. "మరి నా చక్కెర డబ్బ దించమను," అని లోపలికి పోయింది.

డబ్బా దించలేదు. దాని పక్కనే బెల్లం డబ్బా కూడా పెట్టాను. ఇప్పుడు బాపు, పాప ముక్కుల మీంచి తువ్వాలు కట్టుకుని బడి నుంచి వస్తారు. నల్లా దగ్గర పక్కపక్కన వంగి పుక్కిలిస్తారు. తర్వాత పాప నా ముందు నోరు తెరుస్తుంది, నేను ఫోన్ టార్చి వేస్తాను. పెట్టిన తెలుపు ఎక్కడుందో నాకు ప్రతిసారీ వెతుక్కోవాలి. బాపు నోట్లోది వెతకక్కర్లేదు. అయినా ఆయనను కూడా తెరవమంటాను.

"బాయి దిగేటప్పుడు బీడీ, అగ్గిపెట్టె ఉన్నయా అని జేబులు తలాషి తీసేటోళ్లు," అన్నాడు ఇవాళ సాయంత్రం. "గాళ్లు గూడ నోరు తెర్వమనలే బిడ్డా."

"తెరువు బాపు."

తెరిచాడు. ఏమీ లేదు. పాప తన వంతు అయిపోయిందని పరుగెత్తబోయింది. భుజం పట్టుకుని ఆపాను.

"ఇప్పుడు కుడి దిక్కు," అన్నాను.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పాప నోరు తెరవడానికి ఒక్క క్షణం ఎక్కువ తీసుకుందనిపించింది. టార్చి వేసి చూశాను. శుభ్రంగానే ఉంది. దగ్గరికి వంగి వాసన చూశాను. మధ్యాహ్నం తిన్న పెరుగన్నం వాసన. బెల్లం కోసం ఇంకోసారి చూశాను. లేదు.