మాస్టారు మరచిపోలేని అమ్మాయి

మా జువాలజీ మాస్టారు పోయారు. పోయిన మంగళవారం పొద్దున్న స్కూల్లో అసెంబ్లీ అవుతుండగా వాళ్ళావిడ ఫోన్ చేశారు. "మీ మాస్టారు వెళ్ళిపోయారమ్మా. నిద్రలోనే. ఏ ఇబ్బందీ పడలేదు," అన్నారు. ఆవిడ గొంతు ఎంత నిబ్బరంగా ఉందంటే, ఏడవడానికి నాకే సిగ్గేసింది. ఫోన్ పెట్టేసి ఎనిమిదో తరగతికి వెళ్ళి పాఠం చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు.

తాడేపల్లిగూడెంలో డిగ్రీ చదివిన నా ఈడువాళ్ళకి ఆయన గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. తెల్లటి పొట్టిచేతుల చొక్కా, జేబులో రెండు పెన్నులు, చేతిలో పాయింటర్ కర్ర. ఆ కర్రతో బోర్డు మీద బొమ్మ చూపించిన దానికంటే బల్ల మీద కొట్టిందే ఎక్కువ.

మెదడు పాఠమంటే ఆయనకి ప్రాణం. అందులోనూ అందరూ గొప్పగా చెప్పుకునే పెద్దమెదడు కాదు, దాని కిందుండే కాడ. మెదడునీ వెన్నుపామునీ కలిపే బొటనవేలంత ముక్క. "పైనున్నది ఎంత గొప్పదైనా కిందున్న కాడ లేపితేనే లేస్తుందర్రా," అనేవారు. ఊపిరి, గుండె, నిద్ర, మెలకువ, అన్నిట్లోనూ దాని చెయ్యి ఉంటుంది. అందులో రెండు పక్కలా నీలంగా చిన్న చుక్కల్లాంటివి ఉంటాయి. ఆయన వాటిని నీలిమచ్చ అనేవారు. కొత్తదేదైనా ఎదురైతే ఆ నీలిమచ్చ మెదడంతటికీ కబురు పంపుతుందట, ఇది చూడు, ఇది దాచుకో అని. "ముందు మెలకువ, ఆ తర్వాతే జ్ఞాపకం!" అంటూ బల్ల మీద ఫట్‌మని కొట్టేవారు. మేమంతా ఉలిక్కిపడేవాళ్ళం. అలా మమ్మల్ని మెలకువగా ఉంచుతున్నానని ఆయన నమ్మకం.

నేను ఏలూరులో తివాచీలు నేసే ఇంటి పిల్లని, రోజూ రైల్లో కాలేజీకి వచ్చి వెళ్ళేదాన్ని. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కదాన్నే. రెండో ఏడు ప్రాక్టికల్ పరీక్షలో మాస్టారు నా ముందు ఒక సీసా పెట్టారు. అందులో గొర్రె మెదడు. కాడ ఎక్కడుందో చూపించి అదేం చేస్తుందో చెప్పమన్నారు. నాకు కంఠతా వచ్చు. నోరు తెరిచేలోపే బల్ల మీద దెబ్బ పడింది. "ఊఁ, చెప్పు!" ఇంకో దెబ్బ. అంతే. సీసా కనిపిస్తోంది, మాస్టారి నోరు కదలడం కనిపిస్తోంది, నాకు మాత్రం ఒక్క మాటా రావడం లేదు. నా పేరు అడిగినా చెప్పలేకపోయేదాన్నేమో. అందరి ముందూ ఏడ్చేసి బయటికి వచ్చేశాను.

మర్నాటి నుంచి కాలేజీకి వెళ్ళలేదు. నాకు చదువు రాదని తేలిపోయిందని ఇంట్లో చెప్పేశాను. మా నాన్న, "సర్లేమ్మా, మగ్గం ఉందిగా," అన్నాడు. మగ్గం ముందు కూర్చుని ముళ్ళు వేస్తూ మాస్టార్ని మనసారా తిట్టుకున్నాను. నాకు కోపం జాస్తి, అప్పుడూ ఇప్పుడూ.

పదో రోజున చూస్తే ఆయన మా గుమ్మంలో నిలబడి ఉన్నారు. మా నాన్న కంగారుపడి కుర్చీ వేశాడు. ఆయన కూర్చోలేదు.

"మీ అమ్మాయికి పాఠం రాక కాదండీ. నేను భయపెట్టానండీ," అన్నారు. "మెదడు కింద కాడలో ఉంటుందండీ దీని కీలకం. కాస్త తట్టితే మనిషి చురుగ్గా ఉంటాడు, విన్నది దాచుకుంటాడు. మరీ గట్టిగా కొడితే భయమొక్కటే మిగులుద్ది. దాచుకున్నది కూడా బయటికి రాదు. తప్పు నాదండీ."

మా నాన్న కుర్చీని ఇంకాస్త ముందుకి జరిపాడు. "ఏవండీ మాస్టారు గారూ, ఇదంతా మీకు ముందే తెలుసాండీ?"

"ఏళ్ళ తరబడి పాఠం చెబుతున్నానండీ."

"చెబుతూనే బల్ల కొట్టారాండీ?"

"కొట్టానండీ."

మా నాన్న నవ్వేశాడు. మాస్టారూ నవ్వారు. నేను నవ్వలేదు. కానీ మర్నాడు కాలేజీకి వెళ్ళాను. పరీక్ష మళ్ళీ పెట్టారు. సీసా నా ముందుంచి, ఆయన గది చివరికి వెళ్ళి స్టూలు మీద కూర్చున్నారు. అన్నీ చెప్పాను.

ఆ ఏడే మమ్మల్ని కొల్లేరు పక్కన ఒక చేపల చెరువుకి తీసుకెళ్ళారు. మేత వేసే అతను దోనెలో వెళ్ళి, గుంజలకి కట్టిన తవుడు సంచుల దగ్గర ఆగి, తెడ్డుతో దోనె అంచుని మెల్లగా రెండుసార్లు తట్టాడు. నీళ్ళు కదిలాయి. చేపలు సంచుల చుట్టూ చేరాయి. అతను ఒడ్డుకి వచ్చాక, "గట్టిగా కొడితే ఏమవుద్దండీ?" అని మాస్టారు అడిగారు.

"బెదిరిపోతాయండీ. రేపు మెల్లగా తట్టినా రావండీ."

మాస్టారు జేబులోంచి కాగితం తీసి ఆ మాట రాసుకున్నారు. అంత చదువుకున్నాయన అలా రాసుకోవడం చూసి నా కోపం సగం పోయింది. మిగతా సగం చాలా ఏళ్ళు దాచుకున్నాను. ఆ సంగతీ ఒప్పుకోవాలి.

తర్వాత ఆయన చేతిలో కర్ర చూడలేదు. ముఖ్యమైన సంగతి వస్తే మాట ఆపి కాసేపు ఊరుకునేవారు. ఏమైందా అని క్లాసంతా తలెత్తేది. అప్పుడు గొంతు తగ్గించి చెప్పేవారు. ఇవాళ గుండుగొలను దగ్గర హైస్కూల్లో నేను సైన్సు చెబుతున్నదీ అలాగే.

రిటైరైన కొన్నేళ్ళకి ఆయనకి మరుపు జబ్బు మొదలైంది. డాక్టరు చెప్పిన రోజునే నాకు ఫోన్ చేశారు. "కాడకి తెగులు పట్టిందమ్మాయ్. ఈ జబ్బు ముందుగా తాకేవాటిలో ఆ నీలిమచ్చ కూడా ఉందట. ఇన్నాళ్ళూ దాని పాఠం చెప్పాను కదా, ఇప్పుడది నామీదే ప్రాక్టికల్ పెట్టింది," అన్నారు నవ్వుతూనే. మీ వల్లే టీచర్నయ్యాను మాస్టారూ అని ఆ రోజైనా చెప్పి ఉండాల్సింది. ఆరోగ్యం జాగ్రత్తండీ అని పెట్టేశాను.

ఆదివారాలు వెళ్ళి చూసొచ్చేదాన్ని. ఆయనకి ముందు పేర్లు పోయాయి, తర్వాత ఊళ్ళు, ఆ తర్వాత నేను. ఒక్కటి మాత్రం పోలేదు. "ఒకమ్మాయిని ఏడిపించానండీ," అనేవారు నాతోనే, నన్ను మీరంటూ. "చదువు మానేసింది. ఏమైపోయిందో." చేతులు నలుపుకుంటూ కూర్చునేవారు. తను మా ఇంటిదాకా రావడం, మళ్ళీ పరీక్ష పెట్టడం, నేను పాసవడం, ఏదీ గుర్తులేదు. నా ఏడుపొక్కటే మిగిలింది. బాధతో పడిన ముద్ర అంత తేలిగ్గా చెరగదని క్లాసులో చెప్పిందీ ఆయనే.

ఓ ఆదివారం ఉండబట్టలేక ఆయన భుజాలు పట్టుకున్నాను. "నేనే మాస్టారూ ఆ అమ్మాయిని! ఇటు చూడండి! చూడండి!" అని అరిచాను. ఆయన నా మొహంలోకి చూశారు. పెదాలు కదిలాయి, మాట రాలేదు. కళ్ళనిండా బెదురు. ఆ సీసా ముందు నేనెలా నిలబడ్డానో ఆయన అలా కూర్చుని ఉన్నారు. వాళ్ళావిడ వచ్చి నా చేతులు మెల్లగా తీసేశారు. "ఆయన మనసులో ఆ పిల్లకి రెండు జడలమ్మా. నీకు జుట్టు నెరిసింది కదా," అన్నారు. వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. నాలో మిగిలిన ఆ సగం కోపం అప్పుడు పోయింది. ఎదుటివాళ్ళకి గుర్తుండాలన్న తాపత్రయంతోనే మనిషి ఎంత బెదరగొట్టగలడో నా చేతులకి తెలిసొచ్చింది.

ఆ తర్వాత ఆయన దగ్గర ఆ అమ్మాయిని నేనేనన్న మాట ఎత్తలేదు. చివరిసారి వెళ్ళింది ఆయన పోవడానికి తొమ్మిది రోజుల ముందు, మధ్యాహ్నం పూట. మంచం మీదే ఉన్నారు. పక్కన కూర్చుని చాలాసేపు ఊరుకున్నాను. ఆయనే కళ్ళు తెరిచారు.

"ఆ అమ్మాయి ఏడుస్తా వెళ్ళిందండీ."

"అవునండీ. స్టేషన్‌కి వెళ్ళింది. నేను చూశానండీ," అన్నాను మెల్లగా.

"ఏలూరు బండి అందిందాండీ?"

"అందిందండీ."

"కూచోడానికి చోటు?"

"కిటికీ పక్కనే దొరికిందండీ. కళ్ళు తుడుచుకుని పుస్తకం తీసింది. చదువుకుంటోందండీ."

 ఆయన నుదుటి మీద ముడత విడింది. దుప్పటిలోంచి చెయ్యి బయటికి తీసి, కదిలిపోతున్న బండికి ఊపినట్టు నెమ్మదిగా రెండుసార్లు ఊపారు. నేనూ చెయ్యెత్తి ఊపాను.