మా బావగారి వెనక ఇరుసు

మా బావగారికి ఉన్న పిచ్చి ఒక్కటే. తన పాతకారు వెనక ఇరుసులో ఏ పళ్ళచక్రాలు వేస్తే దూరప్రయాణం సుఖంగా ఉంటుందన్నది. కార్లున్నవాళ్ళు ప్రయాణానికి ముందు చక్రాల్లో గాలి చూసుకుంటారు, ఇంజన్లో నూనె చూసుకుంటారు. ఈయన ఇరుసు విప్పుతారు. విప్పడం ఆయన వంతు, విప్పింది పట్టుకోవడం నా వంతు. అది ఎంత బరువుంటుందో నా నడుముని అడగండి, చెబుతుంది.

ఆయన పళ్ళ డాక్టరు. కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరిచినవాడు ఇక నోరెత్తలేడు కదా, ఆ అదను చూసి ఇరుసు పురాణం విప్పేవారు.

"ఇంజను వైపు నుంచి వచ్చే కడ్డీ చివర చిన్న పళ్ళచక్రం ఉంటుందండీ. ఇరుసులో పెద్దది. చిన్నది ఎన్నిసార్లు తిరిగితే పెద్దది ఒకసారి తిరుగుతుందో, అదీ అసలు సంగతి. ఐదుసార్లనుకోండి, ఎంత కొండయినా ఎక్కేస్తుంది గానీ చదును దారిలో ఇంజను గొంతు చించుకుంటుంది. నాలుగు కంటే తక్కువనుకోండి, చదును దారిలో చప్పుడే ఉండదు గానీ కొండ కనిపిస్తే చతికిలబడుతుంది. మీరైతే ఏది వేస్తారు?"

"ఆఁ," అనేవాడు రోగి.

"నేనూ అదే అనుకుంటున్నాను," అనేవారు బావగారు, తృప్తిగా.

ఆయన దగ్గర మూడు జతల చక్రాలుండేవి. మూడింటికీ పేర్లు కూడా పెట్టుకున్నారు. బరువు మోస్తూ అరిచేది కూలీ. అన్ని పనులూ చేస్తుంది గానీ ఏ పనిలోనూ ముచ్చట లేనిది గుమాస్తా. నోరు మెదపకుండా హుందాగా సాగిపోతూ, కొండ ఎక్కమంటే మాత్రం ముఖం చిట్లించేది దొరగారు. మనుషుల్ని కూడా ఈ కొలతతోనే కొలిచేవారు. నాకు పెళ్ళిచూపులకు వచ్చి, పిల్ల ఎలా ఉందంటే, "గుమాస్తారా, కళ్ళుమూసుకుని చేసుకో," అన్నారు. ఆ మాట గోడ అవతలకి వినిపించి సంబంధం తప్పిపోయింది. నేను హైస్కూల్లో లెక్కల మాస్టారిగా, బ్రహ్మచారిగా, ఇరుసు పట్టుకునే మనిషిగా మిగిలిపోయాను.

చక్రాలు మార్చడం అంటే బోల్టులు విప్పి బిగించడం కాదు. పన్నుకీ పన్నుకీ మధ్య వెంట్రుకవాసి సందు ఉండాలి. ఎక్కువైతే కటకటమంటుంది, తక్కువైతే మూలుగుతుంది. ఆ పొందిక చూడటానికి ఆయన తన ఆస్పత్రి నుంచి నీలికాగితం తెచ్చేవారు. కట్టిన పన్ను ఎత్తయిందేమో చూడటానికి రోగి చేత కొరికిస్తారే, ఆ కాగితం. దాన్ని చక్రాల మధ్య పెట్టి, అలవాటు కొద్దీ, "ఆఁ, మెల్లిగా కొరకండి," అనేవారు ఇరుసుతో. కొన్నాళ్ళకి అలవాటు రెండోవైపుకి కూడా పాకింది. ఒక రిటైర్డు జడ్జిగారి నోట్లో కాగితం పెట్టి, "ఒక చుట్టు తిరగండి," అన్నారట. ఆయన పాపం లేచి తిరిగాడట కూడా.

షెడ్డు మేస్త్రీ కూడా నాలాగే అలిసిపోయినవాడు.

"డాక్టరుగారూ, గుమాస్తాని వేసి వదిలెయ్యండి. లోకం మొత్తం ఆ జత మీదే నడుస్తోంది," అన్నాడొకసారి.

"లోకం ఒంటరిగా వెళ్తుందయ్యా. నేను మీ చెల్లెమ్మతో వెళ్ళాలి," అన్నారు బావగారు.

చెల్లెమ్మ అంటే మా అక్క. అక్క మాటల మనిషి. ఏటా వేసవి సెలవుల్లో ముగ్గురం ఆ కారులో ఊళ్ళు తిరిగేవాళ్ళం. ఇంటి గేటు దాటుతూ ఒక కథ ఎత్తుకుంటే, తిరిగి గేటు దగ్గరికి వచ్చేదాకా అది కంచికి చేరేది కాదు. మధ్యలో రెండు పెళ్ళిళ్ళు, ఒక తగాదా, ఎవరో పెంచుకున్న గుడ్డి గుర్రం కూడా వచ్చేవి. అలాంటి మనిషి రెండేళ్ళుగా కారెక్కితే చాలు, బిగుసుకుపోయేది. ఏం చెప్పినా 'ఊఁ' అనేది. కిందటి వేసవిలో సగం దారిలో, "ఇంటికి పోదామండీ, నాకు ఈ కారు పడదు," అంది. ఇరుసు పిచ్చి భరించలేక విసిగిపోయిందనుకున్నాను. విసిగిపోవడంలో నాకు చాలా అనుభవం ఉంది కాబట్టి ఆ అనుమానం నాకు సహజంగానే వచ్చింది.

ఈ ఏడు బావగారు బతిమాలారు. కొండల అవతలి సరస్సు దాకా వెళ్ళొద్దాం అన్నారు. అక్క చాలాసేపు ఆలోచించి ఒప్పుకుంది, ఒక షరతు మీద.

"ఇదే ఆఖరు. ఈసారి కూడా నాకు బాగా లేకపోతే కారు అమ్మెయ్యాలి."

"అమ్మేస్తాను," అన్నారు బావగారు. ఆ కారుని ఆయన తుప్పుకుప్పలోంచి తెచ్చి, పిల్లని సాకినట్టు సాకారు. నాకు నిజంగా జాలేసింది. ఆ వెంటనే, "పద, ఇరుసు దింపుదాం," అన్నారు. జాలి దిగిపోయింది.

ముందు కూలీని బిగించాం. అక్కని ముందు సీట్లో, నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టి ఊరి బయట చదును రోడ్డు మీదికి తీశారు. ఇంజను ఒకటే రొద. ఆ రొదలో బావగారు, కళ్ళు రోడ్డు మీద ఉంచి, మామూలు గొంతుతో, "ఫ్లాస్కు ఇవ్వు," అన్నారు. అద్దంలో ఆయన పెదవులు కదలడం చూసి పోల్చుకున్నాను గానీ నాకే సరిగా వినపడలేదు. టీ ఫ్లాస్కు అక్క ఒళ్ళో ఉంది. అక్క కిటికీ వైపు ముఖం తిప్పుకుని కూర్చుంది. ఇవ్వలేదు. ఎంత కోపమో అనుకున్నాను. ఇంటికి రాగానే బావగారు, "కూలీ పనికిరాడు," అని తేల్చేశారు.

మళ్ళీ ఇరుసు దిగింది. గుమాస్తా ఎక్కాడు. చెప్పొద్దూ, కారు చక్కగా నడిచింది. మేస్త్రీ కూడా వెంట వచ్చి, "ఇంకేం కావాలండీ," అన్నాడు. బావగారు ఫ్లాస్కు అడిగారు. అక్క కిటికీ వైపే తిరిగి ఉంది. ఆయన కాస్త ఆగి మళ్ళీ అడిగారు. అక్క కదల్లేదు.

"గుమాస్తా కూడా పనికిరాడు," అన్నారు.

"ఏం తప్పు చేశాడండీ?" అన్నాడు మేస్త్రీ, సొంత తమ్ముణ్ణి ఉద్యోగం లోంచి తీసేసినట్టు.

"తప్పేం లేదు. పనికిరాడంతే."

నేను లోపలికి వెళ్ళి నడుముకి మందు రాసుకున్నాను.

చివరికి దొరగారు కొలువెక్కారు. కొండదారికి ఈ జత వేసేవాడికి వైద్యం చేయించాలని మేస్త్రీ నాతో చాటుగా అన్నాడు. నేనూ అదే మాట మర్యాదగా బావగారితో అన్నాను.

"సరస్సు దాకా చదును దారే ఎక్కువ. కొండ చివర్లో ఒకటే. అక్కడ నువ్వు దిగి నడుద్దువుగాని," అన్నారు. ముందే నిర్ణయమైపోయిందన్నమాట.

బయల్దేరాం. ఊరు దాటి చదును దారిలో పడగానే కారు గొంతు తగ్గించింది. చక్రాల కింద రోడ్డు సాగిపోతున్న సవ్వడి తప్ప మరేం లేదు. అక్క యథాప్రకారం కిటికీ వైపు తిరిగి కూర్చుంది. బావగారు స్టీరింగు గట్టిగా పట్టుకుని, పరీక్ష ఫలితం అడిగే పిల్లాడిలా, "ఫ్లాస్కు ఇవ్వు," అన్నారు.

అక్క తల తిప్పకుండానే ఫ్లాస్కు అందించింది.

ఆయన దాన్ని అందుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. మూత కూడా తియ్యలేదు. కాసేపటికి అక్క ఇటు తిరిగి, "అవునండీ, ఆ గుడ్డి గుర్రం చివరికి ఏమైందో మీకు చెప్పానా?" అంది.

"చెప్పలేదు," అన్నారు బావగారు. ఆయన అబద్ధమాడటం అదే మొదటిసారి చూశాను. ఆ గుర్రం చావు మేం పదిసార్లైనా విన్నాం.

కొండ మొదలయ్యేదాకా అక్క ఊపిరి తీసుకోలేదు. కొండ మొదలయ్యాక కారు ఊపిరి తీసుకోలేదు. మొదటి మలుపులోనే ఆగింది. నేను దిగాను. అయినా కదల్లేదు. బావగారూ దిగారు. కారు నడపడం అక్కకి బాగా వచ్చు. తను స్టీరింగు దగ్గరికి జరిగి మెల్లిగా ఎక్కించుకుని పోయింది. మేమిద్దరం తలో పెట్టె మోసుకుంటూ వెనక నడిచాం.

"బావగారూ, మీరసలు టీ తాగరు కదా. మరి ఆ ఫ్లాస్కు ఎందుకండీ?" అని అడిగాను. అప్పటికి నాకు సగం తెలిసిపోయింది, ఆయాసం కొద్దీ అడిగాను.

ఆయన పెట్టె దించి రాయి మీద కూర్చున్నారు. "మీ అక్కకి చెవులు మందగిస్తున్నాయిరా. ఎదురుగా ఉంటే పెదాలు చూసి నెట్టుకొస్తుంది. కారులో పక్కన కూర్చుంటే అదీ కుదరదు, ఇంజను రొద. చెవికి మిషను పెట్టుకోమంటే రెండు రోజులు భోజనం మానేసింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. తన చెవుల్ని నేనేం చెయ్యలేను. నా ఇరుసు నా చేతిలో ఉంది కదా. తనకి మాత్రం చెప్పకు. గేర్ల పిచ్చనే అనుకోనీ."

నాకు ఆయన మీద ఉన్న విసుగంతా ఆ రాయి దగ్గరే ఎక్కడో జారిపోయింది. పెట్టె బరువు మాత్రం అలాగే ఉంది.

పైకి చేరేసరికి అక్క చెట్టునీడలో కారు ఆపి కూర్చుంది. బావగారు ఇంజన్లో పొయ్యడానికి నీళ్ళు వెతుక్కుంటూ వెళ్ళారు. నాకు ప్రాణం లేచొచ్చి ఫ్లాస్కు అందుకుని మూత తీశాను. లోపల చుక్క లేదు. ఎండిపోయి ఉంది.

"టీ ఏదే?"

"తాగనాయనకి టీ ఎందుకురా? ఎప్పుడూ ఖాళీదే తెస్తున్నాను," అంది అక్క.

"అంటే నీకు తెలుసా?"

"టీ ముట్టని మనిషి కారెక్కినప్పుడల్లా ఫ్లాస్కు అడిగితే తెలీకుండా ఉంటుందా?"

"మరి మొదటిరోజే ఇచ్చేస్తే పోయేది కదే. నా నడుమైనా మిగిలేది."

"వినిపించకుండా ఎలా ఇస్తాను? పెదాలు చూసి ఇచ్చేస్తే ఆయన పడ్డ పాటంతా దండగ కాదూ. అందుకే చూడకూడదని కిటికీ వైపు తిరిగి కూర్చునేదాన్ని." నా చేతిలోంచి ఫ్లాస్కు తీసుకుని మూత బిగిస్తూ, "నాకు తెలుసని ఆయనకి చెప్పకు. మిషను మాట మళ్ళీ ఎత్తుతారు. ఇంకొన్నాళ్ళు ఇలా జరగనీ," అంది.

బావగారు నీళ్ళడబ్బాతో వచ్చారు. నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించారు.

"ఒరేయ్, దొరగారి కన్నా పెద్ద జత ఇంకొకటుందట. ఇంకా నిశ్శబ్దం. వచ్చే ఏటికి మీ అక్కకి అది కావాల్సి రావచ్చు. కాకపోతే, చిన్న దిబ్బ కూడా ఎక్కదట."

కారులోంచి అక్క మా ఇద్దరి పెదాల వైపే చూస్తోంది.

"తెప్పించండి బావగారూ," అన్నాను. "నేను నడుస్తాను లెండి."