పచ్చి కట్టెల పొగ

మా ఎదురింటి తర్కం పంతులుగారు పోయారు. పోయిన నెల నేను బడికి బయలుదేరుతూ గొడుగు వెతుక్కుంటుంటే ఆయన కోడలు సందు దాటి వచ్చి నా గుమ్మంలో నిలబడి, "మామయ్య పోయిండు టీచరమ్మా" అంది. "ఎట్ల ఎర్క?" అనే మాట నా నోటిదాకా వచ్చింది. అది ఆయన మాట. రైలు లేటన్నా, పక్కింట్లో పెళ్లి కుదిరిందన్నా ఆయన ముందు అడిగేది అదే. ఆ పూట ఆ మాట మింగేసి ఆమె వెంట వెళ్లాను. ఆయన చాప మీద ఉన్నారు. అడగాల్సిన అవసరం లేకపోయింది.

చిలకలగూడలో స్టేషన్ వైపు తిరిగే సందుల్లో మాది ఒకటి. నేను కోస్తా నుంచి ఇక్కడి మిషన్ బడిలో ఉద్యోగానికి వచ్చి, ఒంటిగా ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఎదురింట్లో ఆయన, కొడుకు, కోడలు ఉండేవారు. భార్య ఎప్పుడో పోయిందట. వేరే బడిలో సంస్కృతం చెప్పి రిటైరయ్యారు గానీ ఆయన అసలు చదువు తర్కశాస్త్రం. అది నేర్చుకోవడానికి ఎవరూ వచ్చేవారు కాదు. "అందరికీ జాతకం గావాలె. తర్కం ఎవనికి గావాలె?" అని విసుక్కునేవారు.

ఒక సాయంత్రం నేను మర్నాటి సైన్సు పాఠం పైకి చదువుకుంటున్నాను. వస్తువులన్నీ పరమాణువులతో తయారయ్యాయని ఉంది అందులో. ఎదురింట్లోంచి గొంతు వినిపించింది.

"టీచరమ్మా, మట్టి పరమాణువుకు వాసన ఉంటదని మీ పుస్తకంల ఉన్నదా?"

"లేదండీ."

"మరి మట్టికి వాసన ఏడికెల్లి వచ్చింది?"

పుస్తకం అటూ ఇటూ తిరగేశాను, అందులో లేదు. చెప్పొద్దూ, ఒళ్లు మండింది కూడా. మర్నాడు ఆ జవాబేదో ఆయన దగ్గరే తేల్చుకుందామని వెళ్లాను. అలా వెళ్తూనే ఉండిపోయాను.

ఆయన గడప లోపల చాప మీద కూర్చునేవారు. నేను గడప బయట అరుగు మీద. నేను క్రైస్తవురాలిని. లోపలికి రమ్మని ఆయన అనలేదు, వస్తానని నేనూ అడగలేదు. దానికి నాకు బాధ కలగలేదంటే అబద్ధం. కానీ చదువు మాత్రం ఆయన గడప లోపల దాచుకోలేదు.

పెంకుల సందులోంచి ఎండ పడే వేళ, అందులో తేలే నలుసులను చూపించేవారు. "గివి త్రసరేణువులు. కంటికి కనబడేటియిల అన్నిటికన్న చిన్నవి. రెండు పరమాణువులు కలిస్తె ఒక జంట. గసొంటి జంటలు మూడు కలిస్తె గీ ఒక్క నలుసు." పరమాణువు కనబడదు కదా, మరి ఉందని ఎలా తెలుసని నేను అడిగితే సంబరంగా తొడ చరుచుకున్నారు. "గది, గట్లడుగు! ముక్కలు చేసుకుంట పోతె యాడనో ఒకకాడ ఆగాలె. ఆగకపోతె కొండకూ ఆవగింజకూ ఫరక్ ఏముంటది?"

ఆ తరువాత అనుమానం షురూ చేశారు. మనం అనుమానమంటే శంక అనుకుంటాం. తర్కంలో అది గుర్తును బట్టి సంగతి తెలుసుకోవడం. దానికి తర్క గ్రంథాల్లో చెప్పే కొండ మీది పొగ ఆయనకు అక్కర్లేదు, స్టేషన్ ఇంజన్ల పొగ ఎలాగూ మా కప్పుల మీదుగానే పోతుంది. "పొగ ఉన్నదంటె నిప్పు ఉన్నట్టే. గానీ నిప్పు ఉన్నకాడల్ల పొగ ఉండదు. ఎర్రగ కాలిన ఇనుము చూడు. పొగ గావాలంటె కట్టె పచ్చిగుండాలె. గీ షర్తు మరువకు టీచరమ్మా." నేను మరిచిపోలేదు. కానీ ఆ షర్తు నాకు ఎక్కడ పనికొస్తుందో అప్పుడు తెలియదు.

కొడుకు రైల్వేలో గుమాస్తా. రజాకార్ల రోజుల్లో అతన్ని జిల్లాలో ఒక చిన్న స్టేషన్‌కు బదిలీ చేశారు. మొదట్లో ఉత్తరాలు వచ్చేవి, తరువాత ఆగాయి. పొద్దుగూకితే సందులో అందరూ తలుపులు బిగించుకునే కాలం అది. వాళ్ల తలుపు మాత్రం ఓరగా తీసి ఉండేది. పోలీస్ యాక్షన్ వచ్చింది, సైన్యం వచ్చింది, జనం వీధుల్లోకి వచ్చారు. అతను రాలేదు.

కొన్నాళ్లకు అతనితో పనిచేసిన మనిషి ఒకాయన వచ్చాడు. నేను అరుగు మీదే ఉన్నాను. పట్టాల పక్కన శవం చూశానని, అది పంతులుగారి కొడుకేనని ఎలాగో మాటలు కూడగట్టుకొని చెప్పాడు.

"మొఖం చూసినవా?" అన్నారు పంతులుగారు.

"లేదు పంతులూ. బోర్ల పడి ఉండె. కోటు చూసిన, రైల్వే కోటు."

"గా కోటు ఎవరెవరికి ఇచ్చిన్రు?"

"అందరికిచ్చిన్రు."

"మరి?"

ఆ మనిషి తల వంచుకున్నాడు. "నాకైతె ఆయనే అనిపించిండు."

"అనిపించుడు ప్రమాణం గాదు నాయనా. అమ్మా, ఆయనకు జెర మంచినీళ్లియ్యి."

కోడలు చెంబు తెచ్చి ఇచ్చింది. ఆయన లేచి లోపలికి వెళ్లిపోయారు.

బోయిగూడలో ఉండే ఆయన తమ్ముడు ఆ వారమే వచ్చి కూర్చున్నాడు. "అన్నా, కర్మ చెయ్యకుంటె వాడు పైన తక్లీఫ్ పడ్తడు. పిల్ల బొట్టుతోని తిరుగుతుంటె నలుగురు ఏమంటరు?" అన్నాడు. కర్మ చేయడమంటే ఏమిటో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఆ పిల్ల గాజులు పగులగొట్టి, బొట్టు తుడిచి, పుట్టింట్లో ఏ వంటింటి మూలకో పంపడం. అప్పటికి ఆమెది ఇంకా పసిమొహం.

"ప్రమాణం తే. గిప్పుడే చేస్త" అన్నారు పంతులుగారు.

"లోకమంత అంటున్నది గదనే!"

"లోకం చూసిందా? చూసినోడు చెప్పాలె, నమ్మదగినోడు చెప్పాలె. విన్నోడు విన్నోనికి చెప్తె అది మాట గాదు, గాలి."

తమ్ముడు రావడం మానేశాడు. చుట్టాలు శుభానికీ పిలవలేదు, అశుభానికీ పిలవలేదు. కొడుకు పోయి ముసలాయనకు మతి చలించిందన్నారు. సందులో ఆ ఇల్లు ఒంటరిదైంది. నా గది ముందునుంచీ ఒంటరిదే కాబట్టి మా రెండిళ్లకూ పొత్తు కుదిరింది. ఆ రోజుల్లోనే ఆయన కోడలి గురించి నన్ను అడిగారు. "టీచరమ్మా, మీ బడిల మా బిడ్డకు ఏదన్న చదువు దొరుకుతదా?" దొరికింది. ఇవాళ ఆమె మా బడిలోనే చిన్న పిల్లలకు అక్షరాలు దిద్దిస్తుంది.

రాజ్యం మారిందని జనం పండుగ చేసుకుంటుంటే ఆయన తర్కంలో పాత తగవు ఒకటి తవ్వి తీశారు. పచ్చి కుండను కుమ్మరి ఆవంలో కాలిస్తే ఎర్రగా వస్తుంది. ఆ కుండే రంగు మారిందా, లేక పరమాణువులుగా విడిపోయి వేరే కుండగా కూడిందా? పెద్దలు దీని మీద రెండు పక్షాలుగా కొట్టుకున్నారట. "మన హైదరాబాద్ సుత గంతే. అదే కుండనా, వేరే కుండనా?" అని నవ్వారు. ఆ నవ్వు చూసి ధైర్యం తెచ్చుకొని, కుండ పగిలినా పరమాణువులు నశించవు కదా పంతులుగారూ, అదొక ఓదార్పు కదా అన్నాను. నవ్వు ఆగిపోయింది. "పరమాణువులు ఉంటయి. నీళ్లు ఎందుల తాగుతవ్?" అన్నారు.

కొన్ని పొద్దుల్లో ఆయన కళ్లు ఎర్రగా ఉండేవి. ఏమైందని అడిగితే "పొగ టీచరమ్మా, కట్టెలు పచ్చివి" అనేవారు. వానాకాలంలో అడితి కట్టెలు ఎవరింట్లో మాత్రం మండాయి? సరేననుకునేదాన్ని.

పోవడానికి కొద్ది రోజుల ముందు, కోడలు బడిలో ఉన్న వేళ, నన్ను "లోపలికి రా" అని పిలిచారు. ఇన్నేళ్లలో ఆ గడప దాటడం నాకదే మొదటిసారి. చాప పక్కన నేల మీద కూర్చున్నాను.

"వాడు లేడు టీచరమ్మా. నాకు గా దినమే ఎర్క."

"ప్రమాణం?" అన్నాను. ఆయన దగ్గర చదువుకున్నదాన్ని, ఇంకేమంటాను?

"ఖాళీ నేల చూస్తె కుండ లేదని కంటికే తెలుస్తది గద. లేకపోవుడు సుత కనబడ్తది. పొద్దుగూకంగ గా దర్వాజ చూస్తున్న. వాడు లేకపోవుడు కనబడ్తున్నది. వాదానికి పోతె ఓడిపోత. ఊర్లె లేనోడు సుత గడపల కనబడడు. గానీ నాకు ఎర్క."

"మరి ఇన్నేళ్లు..."

"నేను ఏడిస్తె నా ఏడుపే గుర్తు అయితది. గా గుర్తు చూసి బిడ్డ గాజులు పగులగొడ్తరు. ఇంకా ఎదురుచూస్తున్నది పిచ్చిది. నువ్వు చెప్పకు."

చెప్పనని మాట ఇచ్చాను. కన్న కొడుకు కోసం గొంతెత్తి ఏడవడానికి కూడా వీల్లేని మనిషి ఎదురింట్లో ఉంటే, నేను ఆయన దగ్గర పాఠాలు చెప్పించుకుంటూ కూర్చున్నాను.

ఆయన కర్మ తమ్ముడే చేశాడు. అంతా ముగిశాక అతను కోడలి బొట్టు సంగతి ఎత్తాడు. ఆమె దర్వాజలో నిలబడి, గొంతు పెంచకుండా, "ప్రమాణం ఏంది చిన్నమామయ్యా?" అంది. అతను కండువా దులుపుకొని వెళ్లిపోయాడు.

నాకు గర్వమనిపించింది, వెంటనే గుబులూ పుట్టింది. ఈ పిల్ల నిజంగానే ఎదురుచూస్తోందా? ఆ సాయంత్రం అరుగు మీద నా పక్కన కూర్చొని ఆమే చెప్పింది.

"నాకు ఎర్క టీచరమ్మా. గా మనిషికి నీళ్లిచ్చినప్పుడు మెల్లగ అడిగిన, కోటుకు మోచేతికాడ అతుకు ఉండెనా అని. ఉండెనన్నడు. గా అతుకు నేనే ఏసిన."

కోటు అందరిదీ. అతుకు ఒక్కడిది. ఇంక ఏ వాదానికీ చోటు లేదు.

"మరి మామయ్యకు ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తె ఆయన కొడుక్కు ఆయనే పిండం పెట్టుకోవాలె. గది నేను ఎట్ల చూద్దును? వస్తడని నమ్ముకొని కూసున్నడు. అందుకే బొట్టు పెట్టుకున్న." లోపలి పొయ్యి వైపు తల తిప్పింది. "గానీ అప్పుడప్పుడు నాకే బెంగ పడేది, ఆయనకు సుత ఎర్కనేమోనని. కండ్లు ఎర్రగుంటె పొగ అనేటోడు గద, గప్పటికి నేను పొయ్యి సుత ముట్టియ్యకపోయేది."

నేను ఆయనకిచ్చిన మాట అప్పుడు తప్పాను. ఆయనకు మొదటి రోజే తెలుసని చెప్పేశాను. ఆమె మోకాళ్ల మీద తల పెట్టుకుంది. ఒకే కప్పు కింద ఇద్దరూ ఒకే మనిషి కోసం, ఒకరికి తెలియకుండా ఒకరు ఏడ్చారు.

నిన్న ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఎదురింటి తలుపు ఎప్పటిలాగే ఓరగా తీసి ఉంది. పెంకుల సందులోంచి పడిన ఎండ ఖాళీ చాప మీద ఉంది, అందులో నలుసులు తేలుతున్నాయి. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంటూ గడపలోకి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పొగ టీచరమ్మా" అంది.

తలెత్తి వాళ్ల కప్పు వైపు చూశాను. పెంకుల మీద ఎక్కడా పొగ లేదు.

"అవునమ్మా" అన్నాను. "కట్టెలు పచ్చివి."