ఆటకిచ్చిన బయానా

మా వైపు బయానా ఇచ్చారంటే సగం పెళ్ళి అయిపోయినట్టే. మిర్చి చేలో కాయ ఎర్రబారుతుండగానే వ్యాపారి వస్తాడు, సాలు వెంట నాలుగడుగులు నడుస్తాడు, ఒక కాయ తుంచి చూస్తాడు, రైతు చేతిలో బయానా పెట్టి వెళ్ళిపోతాడు. ఇక ఆ సరుకు అతనిది. కాగితం ఉండదు, సంతకం ఉండదు. మాట తప్పితే అడగడానికి నలుగురు పెద్దమనుషులు ఉంటారు. ప్రత్తిపాడులో పురుగుమందుల కొట్టు పెట్టుకుని ఇన్నేళ్ళుగా ఇదే చూస్తున్నాను కాబట్టి, ముందుగా డబ్బు తీసుకున్నవాడు ఏ దేశంవాడైనా ఇలాగే ఉంటాడనుకున్నాను. మేమిచ్చింది ఒక కంప్యూటర్ ఆటకు. అక్కడే వచ్చింది తంటా.

ఆట నాకోసం కాదు, అన్నయ్య కోసం.

అన్నయ్య జిన్నింగ్ మిల్లులో పనిచేసేవాడు. పత్తి నుంచి గింజ వేరుచేసే యంత్రంలో దూది ఇరుక్కుంటే లాగబోయాడు. కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. తర్వాత ఒక రబ్బరు చెయ్యి పెట్టించాం. అది పెట్టుకుంటే చెమట పట్టి దురద పుడుతోందని తీసి మేకుకు తగిలించాడు. ఇప్పటికీ గొడుగు పక్కన అక్కడే వేలాడుతోంది. పండగ దులుపుళ్ళప్పుడు మా ఆవిడ దాన్ని కూడా తుడిచి మళ్ళీ అక్కడే పెడుతుంది.

మనలో కుడిచేత్తోనే చెయ్యాల్సినవి ఎన్ని ఉన్నాయో, చెయ్యి పోయినవాణ్ణి ఇంట్లో పెట్టుకుంటే గాని తెలియదు. ఎడమచేత్తో తినడం తనకే రోతనిపించి అన్నయ్య బంతి భోజనాలకు వెళ్ళడం మానేశాడు. ఇంట్లో అమ్మ అన్నం కలిపిపెడితే చెంచాతో తింటాడు. చొక్కా గుండీలు నేను పెడతాను. ఎవరికైనా డబ్బో, మందు డబ్బానో అందించాల్సి వస్తే ఎడమచెయ్యి చాపుతూ "ఏమనుకోమాకండి" అంటాడు. ఎవరూ ఏమీ అనుకోరు. కానీ ఆ మాట రోజూ అనాల్సి రావడం మనిషిని అరగదీస్తుంది. కొట్టుకు వచ్చిన రైతులు "మీ అన్నేం చేస్తన్నాడు?" అని అడుగుతారు. "ఖాళీయేనండి" అంటాను. పాపం అన్నట్టు నాలుక చప్పరిస్తారు. కొట్టు వెనక గదిలో కూర్చున్న అన్నయ్యకు అదంతా వినపడుతూనే ఉంటుంది.

ఆ గదిలోనే కంప్యూటర్ ఉంది. నెట్‌లో ఆటలు అమ్మే పెద్ద దుకాణం ఒకటి ఉంది, అన్నయ్య ఆటలన్నీ అందులో కొన్నవే. వాటిని రెండు చేతులా పట్టుకుని ఆడే కంట్రోలర్‌తో ఆడాలి. మా ఆవిడ దాన్ని రిమోట్ అంటుంది, మేమూ అదే అంటున్నాం. ఆ దుకాణంలో కొన్న ఆటలకు ఒక సౌకర్యం ఉంది. రిమోట్ మీద ఏ మీట నొక్కితే ఏం జరగాలో మనమే మార్చుకోవచ్చు. అన్నయ్య రిమోట్‌ను ఒళ్ళో ఆనించుకుని, కుడివైపు మీటల పనులన్నీ ఒక్కొక్కటే ఎడమవైపుకు తెచ్చుకునేవాడు. ఒకసారి నొక్కితే దూకడం, నొక్కి పట్టుకుంటే తలుపు తియ్యడం, రెండుసార్లు టకటకా నొక్కితే మరొకటి. ఆట ఆడటం కన్నా ఈ అమర్చుకోవడమే తనకు ఎక్కువ ఇష్టమని నాకు అనుమానం. కుదిరిన అమరికను అదే దుకాణంలో అందరికీ కనపడేట్టు పెట్టేవాడు. ఎక్కడెక్కడివాళ్ళో, ఒక చెయ్యి పడిపోయినవాళ్ళు, చెయ్యి లేనివాళ్ళు, వాడుకుని రెండు ముక్కలు రాసేవాళ్ళు. అవి నాచేత చదివించుకుని, "సర్లే, కొట్లో ఎవరో వచ్చారు చూడు" అనేవాడు. మొహం మాత్రం వెలిగిపోయేది.

అలాంటి రోజుల్లో ఒక కొత్త ఆట సంగతి తెలిసింది. ఊళ్ళన్నీ వరదలో మునిగిపోయిన దేశం. ఒక పడవవాడు మిగిలిన దిబ్బల మీది మనుషులకు ఉత్తరాలు చేరవేస్తుంటాడు. తుపాకులు లేవు, పరుగులు లేవు. తెడ్డు వెయ్యడమే ఆట. తయారుచేసేది చిన్న గుంపు, చేతిలో డబ్బు లేదు. జనం ముందుగా ఇస్తే తయారుచేసి, ఇచ్చినవాళ్ళకు మొదట పంపుతామన్నారు. పుట్టని ఆటకు డబ్బు కడుతున్నామని విని అమ్మ, "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందిరా మీ యవ్వారం" అని నవ్వింది.

కట్టేముందు అన్నయ్య ఒక్కటే అడగమన్నాడు. "ఆ పెద్ద దుకాణంలోనే ఇస్తారా అని అడుగు. అక్కడైతేనే నాకు పనికొస్తది." నాకు వచ్చిన ఇంగ్లీషులో రాశాను, చెయ్యి సంగతి కూడా రాశాను. మర్నాడే జవాబొచ్చింది. తప్పకుండా అక్కడే, మీలాంటివారు ఆడటం మాకు గర్వకారణం అని. అన్నయ్య ఆ జవాబును రెండోసారి చదివించుకున్నాడు. "బయానా కట్టెయ్" అన్నాడు. ఆ మాట తన నోటి నుంచే వచ్చింది.

మూడేళ్ళకు పైగా పట్టింది. ఈలోగా తామరపురుగు మిర్చిని నాకేసింది, కొట్టాల్సిన మందులన్నీ కొట్టి రైతులు విసిగిపోయారు, వాళ్ళ మొహాలు చూసి నేనూ విసిగిపోయాను. అప్పుడప్పుడూ ఆటవాళ్ళు పడవ బొమ్మలు పంపేవాళ్ళు. అన్నయ్య వాటిని చూస్తూ, గాల్లోనే ఎడమ బొటనవేలు కదిలిస్తూ, తెడ్డు ఏ మీటకు పెట్టాలో ఆలోచించుకునేవాడు. అన్నం తింటూ తింటూ ఉన్నట్టుండి "లంగరుకి కింది మీట" అనేవాడు. మా ఆవిడ "బావగారు పడవెక్కారు" అని నా వైపు కన్ను గీటేది.

ఆట ఇక వస్తుందనగా ఉత్తరం వచ్చింది. కొత్తగా పెట్టిన మరో దుకాణంవాళ్ళు ఆటవాళ్ళకు పెద్ద మొత్తం ఇచ్చారట. అందుకని ఏడాదిపాటు ఆట ఆ దుకాణంలో తప్ప ఎక్కడా దొరకదట. ముందుగా కట్టినవాళ్ళకు కూడా అక్కడే ఇస్తారట. ఆ కొత్త దుకాణంలో మీటలు మార్చుకునే సౌకర్యం లేదు. అన్నయ్యకు ఈ చివరి సంగతి నేను చెప్పనక్కర్లేకపోయింది. నేను చదవడం ఆపిన చోటే తనకు అర్థమైపోయింది.

కట్టినవాళ్ళంతా ఆటవాళ్ళ పేజీ మీద విరుచుకుపడ్డారు. మొదట నాకు ధైర్యంగా అనిపించింది, ఇంతమంది ఉన్నారు కదా అని. రెండు రోజులు చదివేసరికి తల వాచిపోయింది. కొందరికి మాట తప్పడం కోపం. కొందరికి ఆ కొత్త దుకాణమంటేనే గిట్టదు. ఇంకొందరు తిట్టడానికి ఏదో ఒకటి దొరికిందని వచ్చినవాళ్ళు. ఆ గోలలో నేనూ రాశాను. మా ఊళ్ళో బయానా అంటే ఏమిటో, అది తీసుకున్న రైతు ఏం చెయ్యకూడదో, మా అన్న చెయ్యి ఏమైందో, ఓపిగ్గా రాశాను. ఎవరో ఒకాయన బయానా అన్న మాట బాగుందని మెచ్చుకున్నాడు. ఆటవాళ్ళు మాత్రం అందరికీ ఇచ్చిన జవాబే నాకూ ఇచ్చారు. మీ బాధ మాకు అర్థమైంది, వద్దనుకుంటే డబ్బు వాపసు ఇస్తాం, అయినా మీరిచ్చింది కొనుగోలు కింద రాదు, మా ప్రయత్నానికి మీ చేయూత.

"డబ్బులడిగానట్రా నేను?" అన్నాడు అన్నయ్య. అంతే అన్నాడు.

నా కోపం మాత్రం కొట్టు బెంచీ దాకా వచ్చింది. మధ్యాహ్నం పూట మందుల కోసం వచ్చిన రైతులు అక్కడే కూర్చుని కాసేపు లోకాన్ని చక్కదిద్దుతుంటారు. వాళ్ళకు విషయమంతా చెప్పాను. ఆటల సంగతి తెలియకపోయినా బేరం సంగతి ఇట్టే పట్టుకున్నారు. "ఏరు దాటిందాకా ఓడ మల్లయ్య, దాటినాక బోడి మల్లయ్య. అంతేగా?" అన్నాడొకాయన. అందరూ తలలూపారు. నాకు కాస్త చల్లబడింది.

కానీ పక్క ఊరి పెద్ద రైతు ఒకాయన, మా నాన్న ఈడువాడు, తలూపలేదు. మాకు పాత ఖాతా, మాట కరుకు.

"ఏరా, నీకు తెలవదా? నిరుడు నేను బయానా తీసుకున్న కాయని ఏం చేశా?" అన్నాడు.

తెలుసు. ధర ఎగిరేసరికి బయానా వాపసిచ్చి, మిర్చి టిక్కీ బస్తాలన్నీ గుంటూరు యార్డుకు తోలి వేరేవాడికి అమ్ముకున్నాడు. బయానా ఇచ్చిన వ్యాపారి నా కొట్టు ముందే నిలబడి తిట్టిపోయాడు.

"నాలుగేళ్ళు నష్టం మీద చేశా. అయిదో ఏడు ధరొచ్చింది. నువ్వయితే అమ్మవా? వాళ్ళూ అట్టాగే అయ్యుంటారు. కాకపోతే నేను మాట తప్పానని ఒప్పుకున్నా. ఆ వ్యాపారి ఎదురైతే ఇప్పటికీ తలొంచుకుపోతన్నా. మీ ఆటవోళ్ళు అది బయానానే కాదంటన్నారు చూడు, అదే నాకు నచ్చలా" అన్నాడు.

నాకు అప్పటినుంచి కోపం కూడా సరిగ్గా రాలేదు. ఎవరి అవసరం వాళ్ళదని తెలిసిపోయాక మనస్ఫూర్తిగా తిట్టుకోవడానికి కూడా వీలుండదు. ఆ నీరసం కోపం కన్నా ఘోరం.

ఆట విడుదలైంది. పోనీలెమ్మని నేనే కొత్త దుకాణంలో ఖాతా తెరిచి ఆటను కంప్యూటర్‌లోకి దించాను. అన్నయ్య పక్కన కుడివైపు కూర్చుని, "ఎడంవైపు నువ్వు, కుడివైపు నేను. ఇద్దరం కలిసి ఆడదాం" అన్నాను. నాకది గొప్ప ఉపాయం అనిపించింది. ఒకే రిమోట్‌ను చెరో అంచూ పట్టుకున్నాం. తను తెడ్డు వేస్తే నేను లంగరు వెయ్యాలి. నేను తొందరపడి ముందే వేసేవాణ్ణి. లేదంటే ఆలస్యమయ్యేది, పడవ దిబ్బకు గుద్దుకునేది. "ఇప్పుడు వెయ్... వెయ్యమాక... ఇప్పుడు" అంటూ నాకు చెప్పీ చెప్పీ అన్నయ్య రిమోట్ వదిలేశాడు.

"గుండీలు నీతో పెట్టిచ్చుకుంటన్నా. అన్నం అమ్మతో కలిపిచ్చుకుంటన్నా. ఇదొక్కటి మిగిలిందిరా నాకు ఎవుర్నీ అడక్కుండా చేసుకునేది. ఇది కూడా నువ్వే చేస్తావా?" అన్నాడు.

గట్టిగా కూడా అనలేదు. నేను లేచి కొట్లోకి వచ్చేశాను. సాయం చేస్తున్నాననుకుని వెళ్ళి మనిషిని అంత బాధపెట్టడం అంతకుముందు నేనెన్నడూ ఎరగను.

ఆ ఏడాదంతా అన్నయ్య పాత ఆటల జోలికి కూడా పోలేదు. మీటల అమరికలు అడుగుతూ జనం రాసినవి అలాగే ఉండిపోయాయి. కంప్యూటర్ మీద అమ్మ పాత తువ్వాలు కప్పింది. అన్నయ్య టీవీ చూసేవాడు, లేకపోతే పైకప్పు చూసేవాడు. పత్తి తీతలు అయ్యాయి, మిర్చి కోతలు అయ్యాయి, కల్లాల్లో ఎండుతున్న కాయల ఘాటు ఊరంతా కమ్మి అందరం తుమ్మాం. ఆట ఎప్పుడొస్తుందని ఇంట్లో ఎవరూ అడగలేదు. బావగారు పడవెక్కారని మా ఆవిడ కూడా మళ్ళీ అనలేదు.

గడువు తీరాక పాత దుకాణంలోకి ఆట వచ్చింది. ఆటవాళ్ళ పేజీ నిర్మానుష్యంగా ఉంది. అంత గొంతు చించుకున్నవాళ్ళు ఎవరి ఇళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. దించిపెట్టి అన్నయ్యకు చెప్పాను. "ఆకలి చచ్చినాక అన్నం పెడితే ఏం తింటాంరా" అన్నాడు. నేను బలవంతపెట్టలేదు. నిజం చెప్పాలంటే నాకూ ఓపిక లేదు.

ఎన్నాళ్ళకో ఒక మధ్యాహ్నం, భోజనమయ్యాక, అన్నయ్య తువ్వాలు తీసి కుర్చీ మీద వేశాడు. రిమోట్ ఒళ్ళో ఆనించుకున్నాడు. నేను అలవాటు కొద్దీ వెళ్ళి కుడివైపు కూర్చోబోయాను.

"నువ్వు పొయ్యి కొట్లో కూర్చో. తలుపు దగ్గరగా ఎయ్యి" అన్నాడు, తెర మీంచి చూపు తిప్పకుండానే.

తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చున్నాను. కాస్త గుచ్చుకుంది, దాచడమెందుకు. లోపలినుంచి మీటల చప్పుడు, మధ్యలో "ఛ" అనడం, మళ్ళీ మీటల చప్పుడు. పడవ దిబ్బకు గుద్దుకున్న మోత వినపడిన ప్రతిసారీ నా కుడి బొటనవేలు దానంతటదే కదిలింది. తర్వాత చాలాసేపు తెడ్డు నీళ్ళలో పడుతున్న చప్పుడు ఒక్కటే, ఎక్కడా తగలకుండా.

అప్పుడే పక్క ఊరి ఆ పెద్ద రైతు మందుల కోసం వచ్చి, బెంచీ మీద కూలబడ్డాడు. మొహం తుడుచుకుని లోపలివైపు చూశాడు.

"మీ అన్న కనపడ్డంలా. ఏం చేస్తన్నాడు?"

ఎప్పుడూ చెప్పే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"పనిలో ఉన్నాడండి" అన్నాను. లోపల మీటల చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.