తెలుగు మార్కులు లెక్కలోకి రావన్నాను

మొన్న ఆదివారం గోవింద్‌పూర్ నుంచి మా మేనకోడలు స్కూటీ మీద కాసిడీహ్‌లోని మా ఇంటికి వచ్చి, ల్యాప్‌టాప్ తెరిచి నా ముందు పెట్టింది. ఎక్స్ఛేంజి కింద ఒక సెమిస్టరు పరదేశంలో చదవాలట. అక్కడి ఏ సబ్జెక్టు ఇక్కడ దేనికి సమానమో, ఏది తీసుకుంటే గ్రేడు నిలుస్తుందో ముందే తేల్చుకోవాలట. మన ఇళ్లలో అలా వెళ్లివచ్చినవాడు మావయ్య ఒక్కడే, ఆయన్నే అడుగు అని వాళ్లమ్మ పంపిందట. ఆ మాట విన్నాక నా చేతిలో టీ చల్లారిపోయింది.

వాళ్లమ్మ నాకు పిన్ని కూతురు, ఆరు నెలలు చిన్న. శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీ ఊరికి ఉక్కు కార్ఖానా పనికి వచ్చిన మా రెండు కుటుంబాలూ పక్కపక్కనే ఉండడంతో కలిసే పెరిగాం, ఒకే కాలేజీలో చేరాం. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఇక్కడి తెలుగు పిల్లలం ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ గలగలా మాట్లాడేవాళ్లమే గానీ, తెలుగు రాయమంటే తెల్లమొహం వేసేవాళ్లం. తాతయ్య కూర్చోబెట్టి దిద్దించిన పుణ్యాన ఈ చెల్లెలొక్కతే వత్తులు తప్పకుండా రాసేది. నేను ఆ వేళకు గోడ దూకి పారిపోయే రకం.

డిగ్రీ రెండో ఏట మా కాలేజీ నుంచి ఒక్కరంటే ఒక్కరిని కొన్ని నెలలపాటు విదేశీ కాలేజీకి పంపుతామన్నారు. ఆ ఏటి మార్కుల సగటు ఎవరిది ఎక్కువైతే వాళ్లకే. మేమిద్దరం నువ్వా నేనా అన్నట్టు చదివేవాళ్లం కనుక, ఆమె ఐచ్ఛికంగా తెలుగు తీసుకుంటే నా పని అయిపోయినట్టే. ఏ భాష మార్కులైనా సగటులో కలుస్తాయని ఆఫీసు గుమస్తా నాతో స్పష్టంగా చెప్పాడు. నేను మాత్రం ఇంటికొచ్చి, తెలుగు మార్కులు లెక్కలోకి రావట, కంప్యూటర్ పేపరు తీసుకో అని చెల్లెలితో అనేశాను. ఆమె కాసేపు తటపటాయిస్తే పిన్నే సర్దిచెప్పింది.

"అన్నయ్య కనుక్కొచ్చి సెప్తన్నాడు కదే, ఇంకేటి ఆలోసన?"

అప్పటిదాకా కంప్యూటర్ ముట్టుకోని పిల్ల, సరిగ్గా ఆ పేపరులోనే దెబ్బతింది. హిందీ తీసుకున్న నేను గట్టెక్కాను. నా ప్రయాణానికి కొద్దివారాల ముందు మార్కుల కాగితం కోసం ఆమె ఆ గుమస్తా దగ్గరికే వెళ్లివచ్చి, రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మార్కులు తగ్గినందుకు బాధేమోలే అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ఆ తర్వాత, తాను వెళ్తానేమోనన్న ఆశతో అల్లుకున్న స్వెట్టరును విప్పేసి, నా కొలతకు మళ్లీ అల్లి తెచ్చి, అక్కడ చలి ఎక్కువట అన్నయ్యా అంటూ నా పెట్టెలో తనే సర్దింది. ఆ చలిదేశంలో నేను దాన్ని రెండుసార్లకు మించి వేసుకోలేకపోయాను.

ఆమె ఇక్కడే బడిలో టీచరైంది. ఏటా రాఖీ కట్టింది. కట్టిన ప్రతిసారీ చెప్పేద్దామనుకుని, మిఠాయి నోట్లో పెట్టగానే దాంతోపాటు ఆ మాటనూ మింగేసేవాణ్ణి. ఇంతకాలం సిగ్గుతో బతికానని రాయడానికి కూడా సిగ్గుగానే ఉంది.

అందుకే మొన్న మేనకోడలికి ఒళ్లు దగ్గర పెట్టుకుని, నిజాయితీగా సలహా చెప్పాను. అన్నీ బాగున్నాయి గానీ, ఆ స్టాటిస్టిక్స్ కష్టం, గ్రేడు దిగజారుతుంది, దాన్ని వదిలెయ్యమన్నాను. ఆ పిల్ల పకపకా నవ్వి, దానికే టిక్కు పెట్టేసింది.

"మమ్మీ నే పహలే హీ బోలా థా మామా! మావయ్య ఏది వద్దంటాడో అదే తీసుకోమని ముందే చెప్పింది!"

ఎందుకలా అందో ఆ పిల్లకు తెలియదు. ఇప్పుడు నిబంధనలన్నీ ఫోన్లోనే ఉంటున్నాయి, అన్నయ్య మాట నమ్మి పేపరు మార్చుకునే చెల్లెళ్లు ఇక ఉండరు, అదీ మంచిదేనేమో. పిల్ల వెళ్లాక ట్రంకుపెట్టె అడుగు నుంచి ఆ స్వెట్టరు తీసి ఒళ్లో పరుచుకున్నాను. అంటే, దీన్ని నా కొలతకు అల్లుతున్నప్పుడే ఆమెకు అంతా తెలుసు.